బోణీ ఆల్బమ్

నాకు హిప్‌హాప్ పరిచయమైంది స్పోకెన్ ఇంగ్లీషు క్యాసెట్టుగా. ఆ రోజుల్లో బెజవాడలో డిగ్రీ చదివే ప్రతివాడికీ ఇంగ్లీషు మాట్లాడాలన్న పిచ్చి పట్టుకుంది. గవర్నరుపేటలో ఫుట్‌పాత్ మీద పాత క్యాసెట్లు అమ్మేవాడి దగ్గర అట్ట లేని క్యాసెట్టు ఒకటి తీసి, "ఇది స్పోకెన్ ఇంగ్లీషేనా?" అని అడిగాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మొత్తం ఇంగ్లీషేనండి. అంతా మాట్లాడ్డమే. పాటన్నది లేదు, గ్యారంటీ," అన్నాడు. హిప్‌హాప్ గురించి అంత క్లుప్తంగా, అంత ధీమాగా చెప్పినవాణ్ని ఇప్పటిదాకా ఇంకొకణ్ని చూడలేదు.

ఇంటికెళ్లి కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాను. మొదట తలుపు వేసిన చప్పుడు. ఎవరో నడిచారు. ఎవరో నవ్వారు. తర్వాత డ్రమ్ము మొదలైంది, దానిమీద ఒకాయన మాట్లాడ్డం మొదలుపెట్టాడు. ఊపిరి తీసుకునే అలవాటు లేనట్టుంది. ఒక్క ముక్క రాసుకోలేకపోయాను. ఇది పై తరగతి వాళ్ల పాఠం అయి ఉంటుంది, ఒకటో పాఠం రెండోవైపు ఉందేమో అని క్యాసెట్టు తిప్పి పెట్టాను. రెండోవైపు ఇంకా కోపంగా ఉన్నాడు.

ఇది పాఠం కాదని అర్థమయ్యేసరికి దాన్ని మానలేని స్థితికి వచ్చాను. దానికి కారణం ఉంది. మాది నేతపని వాళ్ల కుటుంబం. నాన్న మగ్గం మానేసి వన్ టౌన్‌లో చీరల హోల్‌సేల్ కొట్టు పెట్టాడు గానీ, పెడనలో తాతయ్య ఇంట్లో మగ్గం ఆడుతూనే ఉండేది. వేసవి సెలవుల్లో మధ్యాహ్నాలు ఆ చప్పుడు వింటూనే నిద్రపోయేవాళ్లం. మగ్గం పక్కన నాయనమ్మ రాట్నం తిప్పుతూ, ఆ దెబ్బకి దెబ్బ కలుపుతూ, చుట్టాలందర్నీ వరసపెట్టి ఏకేది. ఎవరు ఏ పెళ్లిలో ఏ మాటన్నారో, ఎవరు ఎవరి ఎంగిలి తిని పైకొచ్చారో, పేరుపేరునా చెప్పేది. చివరికి తనంతటి మనిషి ఆ చుట్టుపక్కల పుట్టలేదని చెప్పి ముగించేది. క్యాసెట్టులో ఆయన చేస్తున్నదీ అదే పని. అందుకే నాకది పరాయి సంగీతంలా ఎప్పుడూ అనిపించలేదు.

ఆ క్యాసెట్టు నేర్పిన ఇంగ్లీషుతో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లాను. మీ గురించి చెప్పండి అన్నారు. హిప్‌హాప్‌లో మనిషి తన గురించి తాను చెప్పుకునే పద్ధతి ఒకటి ఉంది, నాకు వచ్చింది అదొక్కటే. వాళ్లు మర్యాదస్తులు, టీ ఇచ్చి పంపించారు. మర్నాటి నుంచి కొట్టుకి వెళ్లడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

కొట్టు మాది అంటాను గానీ, నడిపేది అన్నయ్య. నాన్న పోయాక గల్లాపెట్టె పక్కన కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. మా కొట్టులో వీధి వైపు చెక్క పలకల అరుగు ఉంటుంది. దానిమీద పరుపు, పరుపు మీద తెల్ల దుప్పటి. కొనేవాళ్లు చెప్పులు విప్పి ఆ దుప్పటి మీద కూర్చుంటారు. అన్నయ్య బేరమంతా చెవితో చేస్తాడని మా వీధిలో పేరు. "చూద్దాం లెండి" అన్న ఒక్క మాట తీరుని బట్టి, ఆ మనిషి లేచి వెళ్లిపోతాడో, ఇంకో కట్ట విప్పమంటాడో చెప్పేసేవాడు. ఆ పేరే ఆయన ఆస్తి. దాన్ని చూసుకునే ఆయన నిటారుగా కూర్చుంటాడు.

నా చోటు వెనక, సరుకు కట్టలు కట్టే దగ్గర. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. క్యాసెట్టు పోయి సీడీ వచ్చింది, సీడీ పోయి ఫోనొచ్చింది, ఆ మొదటి ఆల్బమ్ మాత్రం నన్ను వదల్లేదు. పొద్దున కొట్టు సర్దేటప్పుడు అదే. భోజనాలయ్యాక కొత్తవి. పాతవాళ్లకి డ్రమ్మంటే కాళ్ల కింద నేల, దానిమీద గట్టిగా నిలబడి మాట్లాడారు. కొత్తవాళ్లలో కొందరికి నేలతో పనిలేదు. జ్వరం మనిషి దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టు గొణుగుతారు. ఒకాయన ఆల్బమ్ అంతా వాళ్ల నాన్నతో మాట్లాడాడు, నాన్న ఒక్కసారి కూడా బదులివ్వలేదు. ఇంకొకాయన పాట పేరేమిటా అని ఫోను చూసుకునేలోపు పాట అయిపోతుంది. మొదట్లో తెగ విసుక్కున్నాను. వినగా వినగా తెలిసింది, వాళ్లకి భయంగా ఉంది. పాతాయనకీ భయమే. ఆయన దాన్ని అరుపు కింద దాచుకున్నాడు, వీళ్లు దాచుకోవడం మానేశారు. ఇంత గొప్ప సంగతి కనిపెట్టి ఎవరికైనా చెబుదామంటే, వన్ టౌన్‌లో అందరూ పత్తి ధర గురించే మాట్లాడతారు.

ఇక బోణీ సంగతి. మొదటి బేరం ఎలా అయితే రోజంతా అలా అని ఏ కొట్టువాడైనా నమ్ముతాడు. మా అన్నయ్యకి అది నమ్మకం కాదు, మతం. బోణీకి వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపకూడదు. అంతకంటే ముఖ్యం, క్షణం కూడా ఆగమనకూడదు. దేవుడికి హారతి ఇస్తుండగా ఎవరైనా మెట్టెక్కితే, పళ్లెం గుమాస్తా చేతికిచ్చి వచ్చి కూర్చుంటాడు. "దేవుడు ఆగుతాడు, బోణీ ఆగదు" అంటాడు. దేవుడు కూడా ఇన్నేళ్లలో ఏమీ అనుకున్నట్టు లేదు.

పోయినేడాది ఒక పొద్దున నా ఇయర్‌ఫోన్లకి చార్జింగ్ అయిపోయింది. భక్తిపాటల కోసం కొన్న స్పీకరు ఒకటి అన్నయ్య మోకాలి పక్కన, చెక్క పలకల మీద ఉంటుంది. నా ఫోను నన్నడక్కుండా దానితో కలిసిపోయింది. నేను నిచ్చెన మీద ఉన్నాను. తలుపు చప్పుడు, నడక, నవ్వు, డ్రమ్ము, ఆ వెంటనే ఆయన. సాంబ్రాణి పొగ మధ్య ఆయన తన శత్రువుల తల్లుల గురించి కొట్టు దద్దరిల్లేలా చెబుతున్నాడు. నేను దిగేలోపే మెట్ల మీద పామర్రు షావుకారు కనిపించాడు.

ఈయనకి పామర్రు సెంటర్లో బట్టల కొట్టు ఉంది. ఈయన వస్తున్నాడంటే మా వీధిలో వాళ్లు దేవుడి పటం వెనక దాక్కుంటారు. కొట్టులో ఉన్న ప్రతి చీర విప్పించి, ప్రతి చీర మీదా ఒక నిట్టూర్పు విడిచి, "వెళ్లొస్తానండి" అని లేచిపోతాడు. ఆ రోజు మాత్రం కూర్చున్నాడు, చూశాడు, నోరు రెండుసార్లు తెరిచి మూసుకున్నాడు, వేలు చూపించిన కట్టలన్నీ కట్టించుకుని బేరం ఆడకుండా వెళ్లిపోయాడు. తర్వాత నాతో చాటుగా అన్నాడు, "బేరం ఆడదామనే అనుకున్నానండి. ఆయన సందివ్వలేదు."

మర్నాడు పొద్దున్నే అన్నయ్య నన్ను పిలిచాడు.

"నిన్నటిది పెట్టరా."

"అన్నయ్యా, అది పొరపాటున—"

"బోణీ అయింది కదా. పెట్టు."

అలా అది బోణీ ఆల్బమ్ అయింది. స్పీకరుకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. శుక్రవారాలు మల్లెపూల దండ. ఎదురు కొట్టు బాబాయిగారు లుంగీలు, తువ్వాళ్లు అమ్ముతారు. ఆయన సరుకు కొట్టులో కంటే ఫుట్‌పాత్ మీదే ఎక్కువ. మా ఆల్బమ్ నాలుగో పాటలో పోలీసు సైరను వస్తుంది. మొదటిరోజు అది వినగానే, మున్సిపాలిటీ వాళ్లు ఫుట్‌పాత్ ఖాళీ చేయించడానికి వచ్చారనుకుని ఆయన స్టాండ్లన్నీ లోపలికి లాగించారు. ఆయన్ని చూసి పక్క కొట్టు, ఆ పక్క కొట్టు. వీధి వెడల్పు ఎంతో మాకు ఆ రోజు మొదటిసారి తెలిసింది. కొన్నాళ్లకి అందరికీ అలవాటైపోయింది. ఆ తర్వాత నిజంగానే మున్సిపాలిటీ లారీ, దాని ముందు సైరను వేసుకుంటూ పోలీసు జీపు వచ్చాయి. బాబాయిగారు టీ తాగుతూ, "నాలుగోది వచ్చింది" అని గుమాస్తాతో అన్నారు. ఆయన స్టాండ్లు లారీ ఎక్కాయి. ఆయన మా మీద పోట్లాటకి రాలేదు. ఆ పాటలో ఆ ముక్క తీయించమని మర్యాదగా అడిగారు.

ఆయనే ఇంకోరోజు అరుగు మీద కూర్చుని, "ఇంతకీ ఏం చెప్తున్నాడయ్యా ఈయన?" అన్నారు.

నేను నీళ్లు నమిలాను. అన్నయ్య నా అవస్థ చూసి, సంగతేమిటని సైగ చేశాడు. అర్థం అడుగుతున్నారని ఆయన ముందుకొచ్చి చెప్పాను.

"మంత్రానికి అర్థం అడుగుతారా ఎవరైనా?" అన్నాడు అన్నయ్య. "పూజారిగారు చదివేదానికి మీరెప్పుడైనా అడిగారా? ఫలితం చూసుకోవాలండి, ఫలితం."

బాబాయిగారికి అది సబబుగానే తోచింది. వెళ్లేటప్పుడు స్పీకరుకి ఓ దణ్ణం కూడా పెట్టారు.

అందరూ బాగానే ఉన్నారు, నా బాధ వినేవాడే లేడు. అది నాది. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పకుండా నా చెవుల్లో దాచుకున్నది. ఇప్పుడది రోజూ అదే వేళకి, సాంబ్రాణి పొగలో, మల్లెపూల కింద, గుమాస్తా జమాఖర్చుల మధ్య మోగుతోంది. సైరను రాగానే ఎవరో ఒకరు నవ్వుతారు. మొదటి పాటకి నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. ఇప్పుడు ఆవలింత వస్తోంది. ఇలాగే సాగితే దానిమీద నాకు అసహ్యం పుడుతుందని తెలిసిపోయింది. నాకు కావలసింది ఒక్కటే, పొద్దున వేరే ఏదైనా పెట్టనిచ్చి నా ఆల్బమ్ నాకిచ్చెయ్యాలి.

అందుకని కొత్తవి ఒక్కొక్కటే ప్రయత్నించాను. ముందు ఆ నాన్నతో మాట్లాడే ఆయన్ని పెట్టాను. అన్నయ్య కాసేపు కూర్చుని, "పెట్టలేదేంరా?" అన్నాడు.

"పెట్టాను కదా. మోగుతోంది."

అన్నయ్య స్పీకరు వైపు చూశాడు. "ఇందులో ఏముంది? ఖాళీగా ఉంది."

నాకు రోషం వచ్చింది. ఎందుకంటే కొత్త ఆల్బమ్‌ల మీద ప్రపంచంలో పాత వీరాభిమానులందరూ వేసే నింద అదే. ఖాళీ అని. నేనా ఖాళీని సమర్థిస్తూ పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. మాటకీ మాటకీ మధ్య వదిలిన జాగాలోనే అసలు దుఃఖం ఉందని, వినేవాడికి ఓపిక ఉండాలని, ఎప్పుడూ డ్రమ్ము బాదితేనే పాటనుకోవడం మోటుతనమని చెప్పాను. అన్నయ్య నా మొహంలోకి చూస్తూ అంతా అయ్యేదాకా ఆగాడు.

"సరుకు లేదురా," అన్నాడు. "పాతది పెట్టు."

తర్వాత గొణిగే ఆయన్ని పెట్టాను. సరుకు లేదు. పాట పేరు చూసేలోపు అయిపోయే ఆయన్ని పెట్టాను. ఆయనలోనూ సరుకు లేదు. ఒక కొత్త అమ్మాయి ఆల్బమ్ ఉంది, గొంతు మెత్తగా ఉంటుంది గానీ కింద బేస్ మాత్రం గుండెల మీద కూర్చుంటుంది. అది పెట్టగానే అన్నయ్య తల ఊపాడు. "ఇది పర్లేదు. పాతదేనా?" అన్నాడు. ఆడమనిషి గొంతు అన్నయ్యా అని నేను విసుక్కున్నాను. ఆయనకి సంగీతం తెలియదు, ఇక బాగుపడడు అని నిర్ణయించేసుకున్నాను.

నిజం తెలిసింది స్పీకరు జరిపినరోజు. కింద ఉంటే బోణీ మనుషుల కాళ్లకి తగులుతోందని, దాన్ని తీసి పై అరలో పెట్టాను. ఆల్బమ్ పెట్టాను. పైనుంచి శబ్దం ఇంకా బాగా పరుచుకుంది. పామర్రు షావుకారు అప్పటికే ఎదురుగా కూర్చుని ఉన్నాడు, ఆయనిప్పుడు మాకు ఖాయం బోణీ. ఆల్బమ్‌లో ఆయన గొంతు చించుకుంటున్నాడు. అన్నయ్య నా వైపు తిరిగి, కోపంగా అన్నాడు.

"బోణీ మనిషి వచ్చి కూర్చుంటే పాట పెట్టవేంరా?"

షావుకారు నన్ను చూశాడు. నేను షావుకారుని చూశాను. ఎదురు కొట్టులో బాబాయిగారు టీ గ్లాసు మీద వేళ్లతో తాళం వేస్తున్నారు. అన్నయ్య చెయ్యి మోకాలి పక్కన చెక్క పలక మీద వెతుక్కుంటోంది, రోజూ స్పీకరు ఉండే చోట.

నిచ్చెనెక్కి స్పీకరు దించి, మళ్లీ పలక మీద పెట్టాను. డ్రమ్ము చెక్కలోకి దిగింది. అన్నయ్య అరచెయ్యి దానిమీద ఆనింది. "ఆఁ," అన్నాడు. షావుకారు వైపు తిరిగి కట్టలు విప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఈమధ్య ఆయన కొనేవాళ్లని వెలుతురు వైపు తిరిగి కూర్చోమంటున్నాడు. నేను వెనకనుంచి పిలిస్తే పలకడం లేదు, పొగరనుకున్నాను. నా ఉపన్యాసం అంతసేపూ నా పెదాలు చూశాడు. కొత్త ఆల్బమ్‌లు ఖాళీ కాదు. ఆయన చెవులకి అన్నీ ఖాళీయే. ఆ పాతాయన డ్రమ్మొక్కటే చెక్కలోంచి ఆయన దాకా వచ్చింది. చెవితో బేరం చేసేవాడు, చెవి పోయిందని ఎవరికీ చెప్పుకోలేక, దానికి బోణీ అని పేరు పెట్టుకున్నాడు. నేనేమో ఆయనకి అభిరుచి లేదని తిట్టుకుంటూ ఉన్నాను.

వదినతో చెబితే ఆవిడ ముందు నమ్మలేదు. "నా మాట వినకపోవడం ఇవాళ కొత్తా మరిదిగారూ? పెళ్లైనప్పట్నుంచీ అంతేగా," అంది. మళ్లీ తనే, "టీవీ గట్టిగా పెడితే దెబ్బలాడేదాన్ని," అని పమిటతో కళ్లు ఒత్తుకుంది.

బెంజ్ సర్కిల్ దగ్గర చెవుల డాక్టరు ఉన్నాడని, ఒకసారి చూపించుకోమని అన్నయ్య ఎదురుగా కూర్చుని, మొహం కనపడేలా చెప్పాను. ఆయన కోప్పడలేదు. దానికే నాకు భయం వేసింది.

"మిషను పెట్టుకుని ఈ పరుపు మీద ఎలా కూర్చోమంటావురా?" అన్నాడు. "వీడికి చెవులు పోయినయ్యంట అని వీధి చివరిదాకా చెప్పుకుంటారు. ఆ మర్నాటి నుంచి ప్రతివాడూ నాకు వినపడకుండా మాట్లాడతాడు. ఇంక నువ్వొచ్చి కూర్చో ఇక్కడ."

తల దించుకుంటే నా మెడలో వేలాడుతున్న ఇయర్‌ఫోన్లు కనిపించాయి.

"నా చెవుల్లో రోజంతా ఇవి ఉంటాయి. నాకు చెవుడని ఎవరైనా అన్నారా?" అన్నాను. "నీకూ పాటల పిచ్చి పట్టిందని చెబుదాం. బోణీ ఆల్బమ్ రోజంతా వింటున్నాడని చెబుదాం. మన వీధిలో నమ్మనివాడు ఎవడు?"

చెవుడుకన్నా పిచ్చి మర్యాదైనది అన్న సంగతి అన్నయ్యకి నచ్చింది.

అలా మా అన్నయ్య, షష్టిపూర్తి అయినవాడు, నుదుట విబూది పెట్టుకునేవాడు, హిప్‌హాప్ లేనిదే బతకలేని మనిషిగా వన్ టౌన్‌లో ప్రసిద్ధికెక్కాడు. చెవుల వెనక మిషన్లు చూసి ఎదురు కొట్టు బాబాయిగారు, "ఇంత ఇదిగా వినకండి, తలనొప్పి వస్తుంది," అని హితవు చెప్పారు. ఆయన గొణిగినట్టు చెప్పిన ఆ మాట అన్నయ్య విన్నాడు. ఒకప్పటిలా నిటారుగా కూర్చున్నాడు.

మిషన్లు వచ్చాక మొదటి బోణీ వేళకి ఆల్బమ్ పెట్టాను. తలుపు చప్పుడైంది. అన్నయ్య వీధి వైపు చూశాడు. నడక. నవ్వు.

"ఎవర్రా నవ్వేది?"

"పాటలోనే అన్నయ్యా."

డ్రమ్ము మొదలైంది. అలవాటుగా చెయ్యి పలక మీద వేశాడు. తర్వాత పాతాయన మాట్లాడ్డం మొదలుపెట్టాడు. అన్నయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎవరితను?"

"ఎవరు?"

"ఈ మాట్లాడే మనిషి. కొత్తగా కలిపారా?"

"మొదట్నుంచీ ఉన్నాడన్నయ్యా. ఆల్బమే ఆయనది."

"రోజూ మాట్లాడుతున్నాడా?"

"రోజూ."

"నేను ఒట్టి డప్పనుకున్నాను రా," అన్నాడు.

మంత్రానికి అర్థమెందుకని వీధంతటి నోరూ మూయించిన మనిషికి, అందులో మంత్రం ఉన్నట్టే తెలియదు. నాకు నవ్వొచ్చింది. అన్నయ్య మొహం చూశాక ఆగిపోయింది.

"ఏమంటున్నాడు?"

ఇన్నేళ్లలో నన్ను ఆ మాట వినడం కోసం అడిగినవాడు ఆయనొక్కడే. శత్రువుల తల్లుల సంగతి పక్కన పెట్టి, ఉన్నది చెప్పాను. వాళ్ల వీధి గురించి చెబుతున్నాడని. కూడా తిరిగిన స్నేహితుడు పోయాడని. ఎంత అరిచినా తన మాట ఎవరూ వినిపించుకోవడం లేదంటున్నాడని.

"ఎవరూ వినలేదంటా?"

"అవును."

అన్నయ్య స్పీకరుని, దాని కుంకుమ బొట్టుని, వాడిన మల్లెపూలని చూస్తూ కూర్చున్నాడు.

"పాపం, నా మోకాలి పక్కనే కూర్చుని చెప్పాడు కదరా," అన్నాడు.

నా ఒళ్లంతా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, ఆ పాటకి చాలాకాలం తర్వాత.

అప్పుడే పామర్రు షావుకారు మెట్టెక్కి, చెప్పులు విప్పి, "మొన్నటి రకం ఉందాండి?" అంటూ ముందుకొచ్చాడు. గుమాస్తా కట్ట తీసి పట్టుకున్నాడు. అన్నయ్య తల తిప్పలేదు. స్పీకరు వైపు వంగి, చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు.

"కాస్త కూర్చోండి షావుకారు గారూ. ఆయన చెప్పడం అవనివ్వండి."